పియానో లేని చోట డ్రమ్ పలికిన మాట: మాక్స్ రోచ్ ‘ఫ్రీడమ్ నౌ సూట్’

అయిదంకెలు లెక్కపెట్టండి. ఒకటి దగ్గర బల్ల మీద అరచేత్తో గట్టిగా చరచండి. రెండు, మూడు, నాలుగు, అయిదు మనసులోనే గడిచిపోనివ్వండి. మళ్లీ ఒకటి, మళ్లీ చరుపు. తొందర వద్దు, గడ్డపార ఎత్తి దించే మనిషికి ఎంత వ్యవధి పడుతుందో అంతే. నిమిషం పాటు తడబడకుండా ఇలా చేయగలిగితే ‘వియ్ ఇన్‌సిస్ట్! మాక్స్ రోచ్స్ ఫ్రీడమ్ నౌ సూట్’ అనే జాజ్ ఆల్బమ్‌లోని మొదటి పాటకు తలుపు తెరుచుకున్నట్టే. ఆ చరుపు కొరడా దెబ్బ. మిగతా నాలుగు లెక్కలూ తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూపు.

ఈ ఆల్బమ్‌ను 1960 ఆగస్టు 31న, సెప్టెంబరు 6న న్యూయార్క్‌లోని నోలా పెంట్‌హౌస్ స్టూడియోలో రికార్డు చేశారు. ఇంజనీరు బాబ్ డోర్లియన్స్. అప్పుడే పుట్టిన క్యాండిడ్ సంస్థ కోసం నాట్ హెంటాఫ్ నిర్మించాడు. ఒకే వరసలో అల్లిన అయిదు అంశాల సూట్, మొత్తం నిడివి 37 నిమిషాలకు కాస్త అటూ ఇటూ. నాయకుడు డ్రమ్మర్ మాక్స్ రోచ్, అప్పటికి వయసు 36. పాటలు రాసింది ఆస్కార్ బ్రౌన్ జూనియర్. అమెరికాలో బానిసల విముక్తి ప్రకటన 1863లో వచ్చింది. దాని నూరేళ్ల సందర్భానికి, అంటే 1963కి, ఒక పెద్ద రచన సిద్ధం చేయాలని ఇద్దరూ పని మొదలుపెట్టారు. చరిత్ర అంతవరకూ ఆగలేదు. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరో ఊళ్లో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకే కేటాయించిన వూల్‌వర్త్ దుకాణం భోజనాల బల్ల దగ్గర కూర్చుని లేవబోమన్నారు. మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు జనం మీద కాల్పులు జరిపి 69 మందిని చంపారు. అదే ఏడాది ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమయ్యాయి. ఆల్బమ్ అట్ట మీది నలుపు తెలుపు ఫొటోలో ముగ్గురు నల్లవాళ్లు కౌంటరు దగ్గర కూర్చుని మెడ తిప్పి నేరుగా మన కళ్లలోకి చూస్తుంటారు. వాళ్ల వెనక తెల్లబట్టల్లో వడ్డించేవాడు. రికార్డు తిప్పకముందే విషయం తెలిసిపోతుంది.

విషయం ఎంత గొప్పదైనా సంగీతం చచ్చుగా ఉంటే రికార్డు నిలవదు. అరవై ఏళ్లు దాటినా దీన్ని ఇప్పటికీ వింటున్నారంటే దాని కట్టుబడి వల్లే. ఆ కట్టుబడిలో మొట్టమొదట గమనించాల్సిన సంగతి ఒకటుంది: ఇందులో పియానో లేదు, గిటార్ లేదు.

జాజ్ బృందంలో పియానో చేసే పని ఏమిటి? కార్డ్స్, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుత్తులు, పరుస్తుంది. పాడేవాళ్లకూ, శాక్సఫోన్ వాయించేవాళ్లకూ కాళ్ల కింద నేల చూపిస్తుంది. ఆ పనిలో అది ధ్వని వ్యాప్తి నడిమి భాగాన్నంతా ఆక్రమిస్తుంది. స్నేర్ డ్రమ్, టామ్‌లు (డ్రమ్స్ వరసలోని చిన్నా పెద్దా డప్పులు) పలికేది కూడా సరిగ్గా అక్కడే. పియానో ఉన్నంతసేపూ టామ్‌ల శ్రుతి దాని కిందపడి నలుగుతుంది, మనకు మిగిలేది సింబల్ అనే ఇత్తడి పళ్లెం తళుకూ బేస్ డ్రమ్ అదురూ మాత్రమే. 1950ల చివరి నుంచే రోచ్ పియానో లేని బృందాలు నడిపాడు. ఇక్కడ ఆ ఖాళీ పూర్తిగా పనికొచ్చింది. కింద డబుల్ బేస్, పైన ట్రంపెట్, ట్రాంబోన్, టెనర్ శాక్సఫోన్, వీటి మధ్య విశాలమైన ఖాళీ స్థలం. ఆ స్థలమంతా డ్రమ్స్‌దీ, గాయని ఆబీ లింకన్ గొంతుదీ. రోచ్ టామ్‌లను ఒకదానికొకటి స్పష్టమైన తేడాతో బిగిస్తాడు కాబట్టి అవి చప్పుడుగా కాక స్వరాలుగా వినిపిస్తాయి. మృదంగంలో కుడి పక్క శ్రుతికి చెవి అలవాటు పడ్డ మనకు ఈ సంగతి పట్టుకోవడం కష్టమేమీ కాదు.

మొదటి పాట ‘డ్రైవా మ్యాన్’, అయిదు నిమిషాల పైచిలుకు. తోటలో బానిసల చేత గొడ్డుచాకిరీ చేయించే కంకాణి మీద పాట. ఆబీ లింకన్ దాదాపు ఒంటరిగా ఎత్తుకుంటుంది, గొంతుకు తోడు ఆవర్తానికి ఒక్క దెబ్బ. తర్వాత బృందం చేరుతుంది, ఆ దెబ్బ మాత్రం పాట పొడుగునా పోదు. రిమ్‌షాట్ అంటే కర్ర ఒకేసారి స్నేర్ చర్మాన్నీ, ఇనుప అంచునీ తాకడం. సరిగ్గా పడితే తుపాకీ పేలినట్టుంటుంది, వెంట్రుకవాసి తప్పితే టప్పుమని చచ్చిపోతుంది. నెమ్మది నడకలో ఆవర్తానికోసారి, ప్రతిసారీ ఒకే బరువుతో, తర్వాతి నాలుగు లెక్కల్లో ఏమీ నింపకుండా చేతులు కట్టుకుని ఉండటం డ్రమ్మర్‌కు ఎంత కష్టమో వాయించేవాళ్లకు తెలుసు. వేగంగా వాయించగలిగినవాడు వేగాన్ని దాచుకోవడం ఇక్కడి నైపుణ్యం.

తాళం అయిదు లెక్కలది. కర్ణాటక సంగీతం విన్నవాళ్లు దీన్ని ఖండ గతిలా అనుకుని ‘తదిగిణతోం’ అని చెప్పుకుంటే లెక్క తప్పదు. కాకపోతే ఒక జాగ్రత్త. ఖండ చాపులో మన చేయి 2+3గా రెండు చోట్ల పడుతుంది. జాజ్‌లో అయిదు లెక్కల పాట అనగానే అందరికీ గుర్తొచ్చే, 1959లో డేవ్ బ్రూబెక్ బృందం రికార్డు చేసిన ‘టేక్ ఫైవ్’లో 3+2గా ఊగుతుంది. ఈ రెంటిలోనూ మధ్యలో ఒక ఊతం ఉంది, అదే లయకు నాట్యపు ఒయ్యారం తెస్తుంది. ‘డ్రైవా మ్యాన్’లో రోచ్ ఆ ఊతం తీసేశాడు. బరువంతా ‘త’ మీదే, మిగిలిన నాలుగు అక్షరాలూ బోసిగా ఉంటాయి. అందుకే ఒంటికి ఊపు రాదు, నడుం బరువెక్కుతుంది. అలవాటు కొద్దీ 2+3గా చేయి వేస్తే లెక్క సరిపోతుంది గానీ పాట తప్పిపోతుంది. ఒకటి మీద మాత్రమే చేయి వేయండి.

ఇందులో టెనర్ శాక్సఫోన్ మీద మనోధర్మం నడిపేది కోల్‌మన్ హాకిన్స్, జాజ్‌లో ఆ వాద్యానికి పెద్దదిక్కు. 1904లో పుట్టినవాడు. మిగతా బృందం కంటే ఒక తరం ముందువాడు. 1944లో హాకిన్స్ నడిపిన రికార్డింగులో కుర్ర రోచ్ డ్రమ్స్ వాయించాడు. ఇప్పుడు పెద్దాయన శిష్యుడి పనిలో అతిథి. ఆయన వాయిద్యంలో ఒకచోట రీడ్ (శాక్సఫోన్ మూతి దగ్గర అదిరే పలచని రేకు) కీచుమంటుంది. టేపు కత్తిరించి అతికించే వీలున్నా హాకిన్స్ ఒప్పుకోలేదు. ఇలాంటి పాటలో అన్నీ నున్నగా కుదిరితే ఎక్కడో తప్పున్నట్టే అన్నది ఆయన వాదన. వినేటప్పుడు ఆ కీచును వెతకండి, దొరుకుతుంది. అరగదీయని రాయి అంచులా చేతికి తగులుతుంది. ఆయన వాయించే తీరూ అంతే: స్వరాలు తక్కువ, ఒక్కో స్వరం వెడల్పు ఎక్కువ, చివర గొంతు కాస్త జీర. ఆల్బమ్‌లో అన్నిటికంటే బాగా రికార్డయిన ధ్వని అదేనని నిస్సందేహంగా చెప్పొచ్చు.

రెండోది ‘ఫ్రీడమ్ డే’, ఆరు నిమిషాలు. విడుదల వచ్చిందట అన్న పుకారు బానిసల మధ్య గుసగుసగా పాకిన రోజు. సంతోషించాలో, నమ్మాలో, పరిగెత్తాలో తెలియని స్థితి. దానికి రోచ్ ఎంచుకున్నది విపరీతమైన వేగం. నాలుగు లెక్కల తాళమే గానీ ప్రతి లెక్కా వేలితో వేయాలంటే చేయి నొప్పి పుడుతుంది, రెండు లెక్కలకోసారి వేయండి. డబుల్ బేస్ వాయించే జేమ్స్ షెంక్ ప్రతి లెక్కకూ ఒక స్వరంతో పరుగు తీస్తుంటాడు. రోచ్ కుడిచేయి రైడ్ సింబల్ మీద ఆగదు. ఎడమచేయి మాత్రం స్నేర్ మీద అక్కడక్కడ చిటుక్కుమంటూ ట్రంపెట్‌కు జవాబిస్తుంటుంది. ముందు ఆ ఎడమచేతిని ఒక్కదాన్నే పట్టుకుని వినండి, ఆ తర్వాత పాట మొత్తం మళ్లీ వినండి. బుకర్ లిటిల్ ట్రంపెట్, వాల్టర్ బెంటన్ టెనర్, జూలియన్ ప్రీస్టర్ ట్రాంబోన్ వరసగా వస్తారు, ఆఖర్న రోచ్ తని ఆవర్తనం. ఆ వేగంలోనూ రోచ్ పదబంధాలు చేస్తాడు: ఒక చిన్న మాట చెప్పి, దాన్నే కాస్త మార్చి మళ్లీ చెప్పి, మూడోసారి విరుస్తాడు.

లోపమూ ఈ పాటలోనే ఉంది. ఇంత వేగంలో ఆబీ లింకన్ మాటలు నలిగిపోతాయి. ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లకు కూడా మొదటిసారి సగం అందదు. సాహిత్యం ముందు చదువుకుని వింటే మేలు. బేస్ కూడా పలచగా వినిపిస్తుంది, ముఖ్యంగా ఊదే వాద్యాలు మూడూ కలిసి పలికేటప్పుడు షెంక్ స్వరాలు కింద కరిగిపోతాయి.

ఇక ‘ట్రిప్టిక్’. దాదాపు ఎనిమిది నిమిషాలు, ఇద్దరే మనుషులు. ఒకరి గొంతు, ఒకరి డ్రమ్స్. ఒక్క మాట కూడా లేదు. ‘ప్రేయర్’, ‘ప్రొటెస్ట్’, ‘పీస్’ అని మూడు భాగాలు. ఆల్బమ్‌లో సాహసం అనే మాటకు నిజంగా అర్హమైనది ఇదే. జాజ్‌లో అప్పటిదాకా గాయని అంటే పాటా మాటా ఉండాలి, వెనక వాద్యం నేల పరచాలి. ఇక్కడ నేల లేదు, మాట లేదు, కట్టుబడి ఉండాల్సిన రాగమూ లేదు.

‘ప్రేయర్’లో ఆబీ చిన్న చిన్న మూలుగులతో, ఆలాపనలాంటి దీర్ఘాలతో అడుగుతుంది. రోచ్ టామ్‌ల మీద బదులు చెబుతాడు. గమనించాల్సింది వాళ్ల మధ్య ఎడం. గొంతు ఆగాక డ్రమ్ వెంటనే అందుకోదు. డ్రమ్ ఆగాక గొంతూ అంతే. ఇంట్లో ఫ్యాను గాలి, వీధి చప్పుడు ఉంటే ఈ ఎడం పోతుంది, అది పోతే భాగమే పోయినట్టు. ‘ప్రొటెస్ట్’ నిమిషానికి పైగా సాగే అరుపు. అలంకారంగా అంటున్న మాట కాదు, గాయని నిజంగానే గొంతు చించుకుని అరుస్తుంది, రోచ్ చేతులు ఆ అరుపు కింద ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వవు. మొదటిసారి విన్నవాళ్లలో చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి. ఎందుకంటే ‘పీస్’ అర్థం కావాలంటే ఈ నిమిషం పూర్తిగా గడవాలి. మూడో భాగంలో గొంతు తిరిగి స్వరంలోకి వస్తుంది, కానీ మొదటి భాగంలోని గొంతులా ఉండదు. ఊపిరి వినిపిస్తుంది, నీరసం వినిపిస్తుంది. అలసట తీరక ముందే దొరికిన విశ్రాంతిలా ఉంటుంది. దీన్ని మొదట నృత్యం కోసం ఉద్దేశించారు. ఆ సంగతి తెలిశాక రోచ్ వదిలిన ఖాళీల్లో శరీరం కదలికను ఊహించుకోవచ్చు.

1950ల్లో ఆబీ లింకన్ నైట్‌క్లబ్బుల్లో మెరుపు దుస్తుల్లో ప్రేమపాటలు పాడిన మనిషి. అలాంటి గాయనికి ఆ కాలంలో అరుపు అంటే జీవనోపాధిని పణంగా పెట్టడమే. డ్రమ్మర్ పేరు అట్ట మీద ఉండొచ్చు గానీ ఈ ఎనిమిది నిమిషాల్లో ఎక్కువ ధైర్యం చేసింది గాయని.

రికార్డు తిప్పితే రెండో వైపు ఆఫ్రికా. ‘ఆల్ ఆఫ్రికా’ ఎనిమిది నిమిషాలకు కాస్త తక్కువ. నైజీరియాకు చెందిన బాబటుండే ఒలటుంజీ కాంగాలతో (చేత్తో వాయించే పొడవాటి డ్రమ్స్) చేరతాడు, రేమండ్ మాంటిల్లో, టోమస్ డువాల్ తాళవాద్యాలు. ఆబీ ఆఫ్రికా జాతుల పేర్లు ఒక్కొక్కటే పలుకుతుంటే ఒలటుంజీ యోరుబా భాషలో, స్వేచ్ఛ గురించి ఆ జాతులు చెప్పుకునే సామెతలతో బదులిస్తాడు. ఊరూరి దేవతలను పేరుపేరునా పిలిచే మన కొలుపు పాటలు విన్న చెవికి ఈ పేర్ల వరస వెంటనే పడుతుంది. ఆ తర్వాత తాళవాద్యాలు మాత్రమే మిగులుతాయి. నలుగురు వాయించేవాళ్లలో రోచ్ ఒకడు, అంతే. నాయకుడినన్న అతిశయం లేకుండా ఒలటుంజీ వెనక నడుస్తాడు. ఈ భాగం బాగానే ఉంటుంది గానీ ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైంది. ఒకే చక్రం తిరుగుతూ ఉంటుంది, మలుపు ఆలస్యంగా వస్తుంది. నాట్యం ఎదురుగా ఉంటే ఆ నిడివి తెలియదు, గదిలో కూర్చుని వింటే తెలుస్తుంది. యోరుబా మాటలకు అర్థం అందకపోవడం ఇంకో లోటు.

చివరిది ‘టియర్స్ ఫర్ జొహానెస్‌బర్గ్’. తొమ్మిదిన్నర నిమిషాలు, షార్ప్‌విల్ మృతులకు నివాళి. మళ్లీ అయిదు లెక్కలే. మొదటి పాటలో కొరడాగా విన్న అయిదు ఇక్కడ వేరే మనిషి. బేస్ ఒక చిన్న పలుకును పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తుంది, తంబూరా ఆగకుండా మోగినట్టు. దాని మీద ఊదే వాద్యాల నిదానమైన స్వరమేళం, దాని మీద ఆబీ మాటల్లేని గొంతు. తాళం మీద చేయి వేస్తే ఈసారి ఊగుతుంది, శవాన్ని మోసేవాళ్ల నడకలాగా. ఒకే సంఖ్యతో రోచ్ రెండు వేర్వేరు బాధలు చెప్పాడు. అందుకే మొదటి పాటనూ చివరి పాటనూ పక్కపక్కన పెట్టి ఒకసారి వినాలి. దీనికి పావుగంట కేటాయిస్తే తాళం అంటే లెక్క మాత్రమేనన్న భ్రమ తీరిపోతుంది.

ఇందులోనే బుకర్ లిటిల్ ట్రంపెట్ శిఖరానికి వెళుతుంది. అప్పటికి అతనికి 22 ఏళ్లు. స్వరాన్ని నిలువుగా నిలబెట్టి, దాని పక్క స్వరానికి కొంచెం ఒరిగి, మళ్లీ వెనక్కి వస్తాడు. ఎక్కడా గొంతు పగలదు, కానీ పగిలేలా ఉంటుంది. ఏడాది తిరగ్గానే, 1961 అక్టోబరులో మూత్రపిండాల జబ్బుతో చనిపోయాడు, 23 ఏళ్లకే. ఆ తర్వాత బెంటన్, ప్రీస్టర్, ఆపైన డ్రమ్స్, తాళవాద్యాలు కలిసి నడుస్తాయి. ఈ అంశంలో ఒక్క నిమిషం కూడా వృథా లేదు.

దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ రికార్డును నిషేధించింది. అమెరికాలో 2022లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఎలా కొనాలి, ఎలా వినాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

ఫోన్ స్పీకర్ మీద వినొద్దు. ఆ చిన్న స్పీకర్ డబుల్ బేస్ కింది స్వరాలను పలికించలేదు. ‘టియర్స్’లో తిరిగే బేస్ పలుకు మాయమైతే మిగిలేది ఆధారం లేని ఏడుపు. సాధారణ వైరు ఇయర్‌ఫోన్లయినా పర్వాలేదు, రెండు చెవులకూ పెట్టుకోవాలి. ఒక చెవికే పెట్టుకుంటే స్టీరియోలో సగం బృందం కనబడదు.

వాల్యూమ్ సంగతి ముఖ్యం. ‘డ్రైవా మ్యాన్’ మొదట్లో గొంతు ఒంటరిగా ఉంటుంది కాబట్టి సరిపోలేదని చాలామంది శబ్దం పెంచేస్తారు. అదే స్థాయిలో ‘ప్రొటెస్ట్’ దాకా వస్తే చెవి అదిరిపోతుంది, చిన్న స్పీకర్లయితే గరగరలాడతాయి. ముందు ‘ఫ్రీడమ్ డే’లో మూడు వాద్యాలు కలిసి పలికే చోట పెట్టి, హాయిగా ఉన్నంత వరకు పెంచి, అక్కడ వదిలేసి మొదటికి రండి. స్ట్రీమింగ్ యాప్‌లో శబ్దస్థాయిని సమం చేసే ఏర్పాటు ఉంటుంది. అది ఒక్కో పాటను విడిగా సమం చేస్తే ‘ట్రిప్టిక్’ నెమ్మదితనం, దాని పక్కపాటల జోరు ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి. దాన్ని ఆపేయండి, లేదా ఆల్బమ్ మొత్తానికి ఒకే లెక్క వేసే పద్ధతి ఎంచుకోండి. షఫుల్ అసలు వద్దు. ఈ అయిదూ ఒక వరసలో అల్లినవి: బానిసత్వం, విడుదల, పోరాటం, ఆఫ్రికా, శోకం. వరస మారితే అయిదు పాటలు మిగులుతాయి గానీ సూట్ మిగలదు.

ఎల్పీ, అంటే సూదితో వినే నల్లటి రికార్డు, కొనేవాళ్లకు ఒక సాంకేతిక చిక్కు ఉంది. మొదటి వైపు సుమారు 19 నిమిషాలు, రెండో వైపు 17న్నర. మొదటి వైపు చివర వచ్చేది ‘ట్రిప్టిక్’, అంటే ఆ అరుపు రికార్డు మధ్య భాగానికి దగ్గరగా ఉన్న గాళ్లలో పడింది. రికార్డు తిరిగే వేగం ఒకటే అయినా లోపలి గాడి చుట్టుకొలత తక్కువ కాబట్టి, అంతే కాలంలో సూది తక్కువ పొడవులోంచి పోతుంది. పెద్ద ధ్వని, హెచ్చు స్థాయి స్వరాలు ఆ ఇరుకులో కుక్కినట్టు ఉంటాయి. మొండి గుండ్రటి సూది వాటి అంచుల్లోకి దిగలేదు. ఫలితంగా ఆబీ గొంతు చిరిగినట్టు, ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. చాలామంది దీన్ని పాత రికార్డింగ్ లోపమనుకుంటారు, నిజానికి లోపం ఇంట్లోదే. దీర్ఘవృత్తాకారపు సూది గానీ, ఇంకా సన్నటి అంచు ఉన్నది గానీ వేయండి. కోణాలు గీసిన ప్రొట్రాక్టర్ కాగితం మీద కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) కోణం సరిచూడండి. కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన బరువు పరిధిలో పై అంచుకు దగ్గరగా పెట్టండి. తక్కువ బరువు పెడితే రికార్డు అరగదన్న నమ్మకం తప్పు. సూది గాడిలో నిలవక ఎగిరెగిరి పడి ఇంకా పాడు చేస్తుంది.

తొలి ముద్రణలు రెండు రకాలు: మోనో సీజేఎం 8002, స్టీరియో సీజేఎస్ 9002. వాటి ధర సేకర్తల వ్యవహారం, వినడానికి అవసరం లేదు. క్యాండిడ్ సంస్థ తర్వాతి రోజుల్లో చేతులు మారింది, సీడీలుగా, ఎల్పీలుగా పలుమార్లు మళ్లీ తెచ్చింది. ఐరోపాలో 1960 నాటి రికార్డింగుల హక్కుల కాలం ముగియడంతో వేరే సంస్థలు కూడా చవక ముద్రణలు వేస్తుంటాయి. వాటిలో చాలా వాటి మీద మూలం టేపా, పాత సీడీయా అన్నది రాసి ఉండదు. అట్ట వెనక క్యాండిడ్ పేరు, మాస్టరింగ్ చేసినవారి పేరు కనబడితే తీసుకోండి, రెండూ లేకపోతే ఆ డబ్బుతో సీడీ కొనుక్కోవడం మంచిది. నిజానికి ఈ ఆల్బమ్‌కు సీడీ సరిగ్గా సరిపోతుంది. గాడి గొడవ లేదు, ‘ప్రేయర్’లోని నిశ్శబ్దంలో చిటపటలు లేవు. కోల్పోయేది ఒకటే, రికార్డు తిప్పే విరామం. ‘ట్రిప్టిక్’ తర్వాత ఆ విరామం అవసరం. సీడీ అయినా, యాప్ అయినా అక్కడ ఆపి, కాసేపు ఊరికే కూర్చుని, తర్వాత ‘ఆల్ ఆఫ్రికా’ పెట్టుకోవాలి.

డ్రమ్స్ నేర్చుకుంటున్నవాళ్లు వినే పద్ధతి కొంచెం వేరుగా ఉండాలి. లెక్క తప్పకుండా టిక్కుమనే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 లెక్కల మీద పెట్టి, అయిదు లెక్కల్లో ఒకటి మీద మాత్రమే రిమ్‌షాట్ వేస్తూ పది నిమిషాలు గడపండి. మొదటి రెండు నిమిషాల్లో చేయి ముందుకు ఉరుకుతుంది, దెబ్బ లెక్క కంటే ముందు పడుతుంది. కారణం ఖాళీని మనసు భరించలేకపోవడం. నాలుగు, అయిదు లెక్కల్లో కర్రను పైకి తీసుకెళ్లడం నెమ్మదిగా మొదలుపెడితే, ఆ కదలికే గడియారమై దెబ్బ సరిగ్గా పడుతుంది. అయిదో నిమిషం నుంచి బరువు తగ్గిపోతుంటుంది, అది మణికట్టు అలసట. దెబ్బను మణికట్టుతో కాక ముంజేతి బరువుతో దింపండి. ఇది కుదిరాక ‘డ్రైవా మ్యాన్’ పెట్టి దానితో పాటు వేయండి. ‘ఫ్రీడమ్ డే’ వేగం జోలికి అప్పుడే వెళ్లొద్దు.

రోచ్ చేతులు చూడాలనుకుంటే 1964లో బెల్జియం టెలివిజన్ కోసం ఇదే సూట్‌ను ప్రదర్శించిన దృశ్యం ఉంది. టెనర్ మీద క్లిఫర్డ్ జోర్డన్. అందులో పియానో చేరింది, కొలరిడ్జ్ పెర్కిన్సన్ వాయించాడు. పియానో వచ్చాక డ్రమ్స్ ఎంత వెనక్కి జరిగాయో పోల్చి వింటే ఆల్బమ్‌లో పియానో తీసేసిన నిర్ణయం విలువ తెలుస్తుంది. కానీ ‘ట్రిప్టిక్’ మాత్రం అక్కడా ఇద్దరిదే. ఆబీ లింకన్ కదలకుండా నిలబడి ఆ అరుపు అరవడం కళ్లతో చూడటం వేరే అనుభవం.

దీని తర్వాత ఏం వినాలంటే, 1961లో రోచ్ ఇంపల్స్ సంస్థకు చేసిన ‘పెర్కషన్ బిటర్ స్వీట్’. బుకర్ లిటిల్ ఉన్నాడు, ఎరిక్ డాల్ఫీ చేరాడు, ఆబీ రెండు పాటలు పాడింది, అక్కడ పియానో తిరిగి వచ్చింది. అదే ఏడాది ఆబీ తన పేరుతో క్యాండిడ్‌కే చేసిన ‘స్ట్రెయిట్ అహెడ్’లో డ్రమ్స్ రోచ్‌వే, హాకిన్స్ కూడా వాయించాడు. ‘ఫ్రీడమ్ డే’లో మాటలు అందలేదని అనిపించినవాళ్లకు అందులో ఆ గొంతు తీరిగ్గా వినిపిస్తుంది. 2025లో డ్రమ్మర్ టెర్రి లిన్ కారింగ్టన్, గాయని క్రిస్టీ డాషియెల్‌తో కలిసి ఈ సూట్‌నే కొత్తగా మలిచి క్యాండిడ్ నుంచే తెచ్చింది. అది మూలం విన్నాకే పెట్టుకోండి. ముందే వింటే కారింగ్టన్ ఎక్కడ రోచ్ దెబ్బను అలాగే ఉంచిందో, ఎక్కడ కావాలని దాన్ని పక్కకు జరిపిందో తెలియదు.